బేక్‌వెల్ చుట్టూ పిల్లలతో, పెద్దవాళ్లతో నడక: ఎలా ప్లాన్ చేసుకోవాలి, ఏ దారి పట్టాలి

డెర్బీ, షెఫీల్డ్, నాటింగ్‌హామ్ వైపు ఉండే తెలుగువాళ్ల ఇళ్లలో ఎండాకాలం వస్తే ఇండియా నుంచి అమ్మానాన్నలో అత్తమామలో దిగుతారు. మొదటి వారం లండన్ అయిపోతుంది. రెండో వారానికి షాపులు కూడా అయిపోతాయి. మూడో వారం నుంచి మామయ్యగారు కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, "ఈ వీధిలో మనుషులే కనపడరేంటమ్మా" అంటారు. మా ఇంట్లో ఈ మాట వినిపించిన రోజునే నేను బేక్‌వెల్ వెళ్దామని తేల్చాను. వెళ్లి, చేయకూడని తప్పులన్నీ చేసి వచ్చాను. అప్పటి నుంచి చాలాసార్లు వెళ్లాం. మీకు ఆ మొదటి రోజు బాధ లేకుండా ఇది రాస్తున్నాను.

బేక్‌వెల్ డెర్బీషైర్‌లో, వై అనే చిన్న నది ఒడ్డున ఉంది. 1951లో బ్రిటన్‌లో మొట్టమొదటి నేషనల్ పార్కుగా ప్రకటించిన పీక్ డిస్ట్రిక్ట్ లోపల ఉన్న ఊళ్లలో ఇదే పెద్దది. పెద్దదని కంగారు పడకండి, మన మండల కేంద్రమంత కూడా ఉండదు. ఒక వంతెన, ఒక చర్చి, సోమవారం సంత, చుట్టూ పచ్చిక, పచ్చికలో గొర్రెలు.

1. దారి కంటే ముందు కాళ్లు చూసుకోండి

నేను చేసిన తప్పు ఇదే. ఇంటర్నెట్‌లో ఒక ఫొటో చూసి దారి ఎంచుకున్నాను. బేక్‌వెల్ నుంచి కొండ దాటి చాట్స్‌వర్త్ మహల్ దాకా మూడు మైళ్ల చిల్లర. మూడు మైళ్లంటే ఐదు కిలోమీటర్లే కదా అనుకున్నాం. పాత రైల్వే స్టేషన్ దాటగానే దారి మానర్స్ వుడ్ అనే అడవిలోకి నిటారుగా ఎక్కింది. చెట్ల వేళ్లు, బురద. పాపని ఆయన ఎత్తుకున్నారు, బగ్గీని, అంటే పాపని కూర్చోబెట్టి తోసే బండిని, నేను మోశాను, మామయ్యగారు ప్రతి ఇరవై అడుగులకీ ఆగి చెట్లను మెచ్చుకున్నారు. చెట్లు బాగున్నందుకు కాదని తర్వాత తెలిసింది. మోకాళ్లు.

కాబట్టి ముందు మీ గుంపులో అందరికంటే తక్కువ నడవగలిగేది ఎవరో చూడండి. దారి వాళ్లకి సరిపోవాలి, మీకు కాదు. బగ్గీ ఉందా? ఉంటే గోడలెక్కే దారులన్నీ కొట్టేయండి. మోకాళ్ల నొప్పులున్నాయా? దూరం కంటే దిగుడు ఎక్కువ బాధిస్తుంది. నాలుగేళ్ల పిల్లలున్నారా? గంటకి రెండు కిలోమీటర్లు లెక్క వేసుకోండి, అంతకు మించి ఆశపడకండి. మన వయసువాళ్లు మామూలుగా గంటకి నాలుగైదు కిలోమీటర్లు నడుస్తారు, కానీ పిల్లలు కర్ర దొరికితే ఆగుతారు, నత్త కనపడితే కూర్చుంటారు.

తర్వాత మ్యాప్. ఆర్డ్‌నెన్స్ సర్వే వాళ్ల ఎక్స్‌ప్లోరర్ సిరీస్‌లో ఓఎల్24, అంటే వైట్ పీక్ షీటు కొనండి. అందులో నాలుగు సెంటీమీటర్లు ఒక కిలోమీటరు. ఆకుపచ్చ చుక్కల గీతలు నడవడానికి హక్కున్న దారులు. గోధుమరంగు గీతలు దగ్గర దగ్గరగా ఉంటే అక్కడ ఎత్తు నిటారుగా ఉందని అర్థం. నేను ఆ మానర్స్ వుడ్ మీద ఒక్కసారి వేలు పెట్టి చూసి ఉంటే బగ్గీ మోసే పని తప్పేది. ఫోన్‌లో యాప్ వాడేవాళ్లు ఇంట్లోనే మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకోండి, లోయల్లోకి దిగితే సిగ్నల్ ఉండదు.

2. మొదటి రోజు ఊరు దాటకండి

వచ్చిన కొత్తలో పెద్దవాళ్లకి చలి, టైమ్ తేడా రెండూ ఉంటాయి. ఊళ్లో నది పక్కన నడక చాలు. బేక్‌వెల్ వంతెన 13వ శతాబ్దం నాటిది, ఐదు కమానులు. పక్కనే నది ఒడ్డున చదునైన దారి, బెంచీలు. వంతెన మీద నిలబడి కిందికి చూస్తే నీళ్లలో పెద్ద పెద్ద ట్రౌట్ చేపలు ప్రవాహానికి ఎదురుగా కదలకుండా నిలబడి ఉంటాయి. పిల్లలు అక్కడే అరగంట ఉంటారు. బాతులకి బ్రెడ్ వెయ్యకండి, అది వాటికి మంచిది కాదు.

మా అత్తయ్యగారు ఆ నీళ్లు చూసి, "ఇంత తేటగా ఉన్నాయి, తాగొచ్చా?" అన్నారు. తాగకూడదు. పైన అంతా గొర్రెల పొలాలే.

3. బగ్గీ ఉంటే మోన్సల్ ట్రెయిల్

ఈ ఊరికి ఒక్కసారే వచ్చేవాళ్లు ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఇదొక్కటే. 1863లో మిడ్‌లాండ్ రైల్వే ఈ లోయలోంచి లైను తెరిచింది. అందమైన లోయని ఒక వంతెన కట్టి పాడుచేశారని ఆ కాలపు పేరుమోసిన కళావిమర్శకుడు ఒకాయన మండిపడ్డాడు. బక్స్‌టన్‌లోని ప్రతి తెలివితక్కువవాడూ అరగంటలో బేక్‌వెల్‌కి, ఇక్కడివాడు అక్కడికి చేరడానికే కదా ఇదంతా అని ఆయన ఎత్తిపొడుపు. 1968లో లైను మూసేశారు. పట్టాలు పోయి నడకదారి మిగిలింది. 2011లో మూతపడి ఉన్న సొరంగాలు కూడా తెరిచారు. ఆయన తిట్టిన వంతెన దగ్గరే ఇప్పుడు జనం ఫొటోలు దిగుతారు.

మొత్తం దారి ఎనిమిదిన్నర మైళ్లు. అంతా నడవాల్సిన పని లేదు. రైలు దారి కాబట్టి దాదాపు చదును, గట్టి నేల, గేట్ల గొడవ లేదు. ఊళ్లోంచి పాత బేక్‌వెల్ స్టేషన్‌కి ఎక్కే రోడ్డు మాత్రం బగ్గీతో కష్టం. అందుకని కారు ఉంటే హాసప్ స్టేషన్‌కి వెళ్లండి. పాత స్టేషన్ భవనంలో ఇప్పుడు కేఫ్ ఉంది, సైకిళ్లు అద్దెకిస్తారు. అక్కడి నుంచి హెడ్‌స్టోన్ సొరంగం దాటి వంతెన దాకా సుమారు రెండున్నర మైళ్లు. వెళ్లి రావడానికి సగం రోజు పెట్టుకోండి.

సొరంగం పొడవు అర కిలోమీటరు కన్నా కాస్త తక్కువ. పగలు లైట్లుంటాయి, చీకటి పడ్డాక వాటిని నమ్ముకోకండి, ఒక టార్చి ఉంచుకోండి. జూలైలో కూడా లోపల చలిగా ఉంటుంది, పైనుంచి చుక్కలు పడతాయి. చంటిపిల్లలకి స్వెటర్ బయటే వేసి తీసుకెళ్లండి. మామయ్యగారు విజయవాడ డివిజన్‌లో రైల్వేలో చేసి రిటైరయ్యారు. సొరంగం గోడల్లో మనిషి నిలబడేంత గూళ్లు కనపడగానే ఆయన ఆగిపోయారు. రైలు వస్తుంటే ట్రాక్ మీద పనిచేసేవాళ్లు ఆ గూట్లోకి దూరి, గోడకి వీపు ఆనించి నిలబడతారట. మనవడిని ఒక గూట్లో నిలబెట్టి, తాను ఇంజన్ అయ్యి కూత వేసుకుంటూ వచ్చారు. వెనక వస్తున్న సైకిలాయన బ్రేకు వేసి నవ్వుతూ ఆగాడు. మూడు వారాల్లో ఆయన ఇంత గట్టిగా మాట్లాడటం అదే మొదలు.

సైకిళ్ల సంగతి వచ్చింది కాబట్టి: ఈ దారి నడిచేవాళ్లకి, సైకిళ్లకి, గుర్రాలకి కూడా. పిల్లలని ఒక పక్కనే నడిపించండి. గుర్రం వస్తే పరిగెత్తనివ్వకండి, అరవనివ్వకండి.

సొరంగం దాటగానే ఐదు కమానుల వంతెన. కింద వై నది వంపు తిరుగుతూ కనపడుతుంది. ఈ వంతెన పైనుంచి ఎలా ఉంటుందో చూడాలంటే మోన్సల్ హెడ్ అనే కొండ అంచుకి కారులో వెళ్లాలి. అక్కడి నుంచి వంతెన దాకా దిగే దారి కూడా ఉంది కానీ నిటారు, మెట్లు. పెద్దవాళ్లతో దిగకండి. దిగాక ఎక్కాలని గుర్తు పెట్టుకోండి. మోన్సల్ హెడ్‌లో టీ తాగి, చూసి వచ్చేయడమే మేలు.

4. చాట్స్‌వర్త్‌కి కొండ దాటకుండా వెళ్లండి

డెవన్‌షైర్ డ్యూకుల మహల్ ఇది. లోపలికీ తోటలోకీ టికెట్టు ఉంది. చుట్టూ డెర్వెంట్ నది పక్కన ఉన్న పార్కులో మాత్రం ఉచితంగా నడవొచ్చు. పార్కింగుకి డబ్బు కట్టాలి. కొండ మీదుగా కాకుండా బాస్లో ఊరి నుంచి కానీ, రెండో వైపు కాల్టన్ లీస్ నుంచి కానీ రండి. రెండు వైపుల నుంచీ సుమారు మైలున్నర, దాదాపు చదును. గొర్రెలు దారి మీదే పడుకుంటాయి. సాయంత్రం పూట జింకల మందలు దూరంగా కనపడతాయి, దగ్గరికి వెళ్లకూడదు.

పార్కులోనే ఎడెన్సర్ అని చిన్న ఊరుంది. 19వ శతాబ్దంలో ఆరో డ్యూకు పాత ఊరిని తీయించి కొత్తగా కట్టించాడు. ఏ రెండు ఇళ్లూ ఒకేలా ఉండవు. పిల్లలకి "ఒకేలా ఉన్న రెండిళ్లు కనిపెడితే ఐస్‌క్రీమ్" అని పందెం కట్టండి, మీకు ఖర్చుండదు. చర్చి వెనక శ్మశానంలో కాథ్లీన్ కెన్నెడీ సమాధి ఉంది. అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ చెల్లెలు. ఈ ఇంటి కోడలుగా వచ్చింది, భర్త 1944లో యుద్ధంలో పోయాడు, ఆమె 1948లో విమానం కూలి చనిపోయింది. 1963 జూన్‌లో కెన్నెడీ ఇక్కడికి వచ్చి చెల్లెలి సమాధి చూసి వెళ్లాడు, ఆ సంగతి చెప్పే రాయి కూడా ఉంది. ఆ నవంబరులోనే ఆయన హత్య జరిగింది. అత్తయ్యగారు ఆ రాయి దగ్గర చాలాసేపు నిలబడ్డారు.

5. గొర్రెలు స్నానం చేసిన వంతెన

బేక్‌వెల్‌కి పడమర రెండు మైళ్ల లోపు ఆష్‌ఫర్డ్ ఇన్ ద వాటర్. పేరులోనే నీళ్లున్న ఊరు. నడిచి వెళ్లడానికి పొలాల దారి ఉంది, కానీ కొంత దూరం పెద్ద రోడ్డు పక్కన పోవాలి కాబట్టి చంటిపిల్లలతో బస్సో కారో నయం. ఇక్కడ షీప్‌వాష్ అనే పాత రాతి వంతెన ఉంది. ఒక చివర రాళ్లతో కట్టిన చిన్న దొడ్డి. గొర్రెలకి ఉన్ని కత్తిరించే ముందు పిల్లల్ని ఆ దొడ్డిలో పెట్టి, తల్లుల్ని అవతలి ఒడ్డున నీళ్లలోకి తోసేవారు. పిల్ల అరిస్తే తల్లి ఈదుకుంటూ వచ్చేది, ఉన్ని కడిగినట్టయ్యేది. మీ పిల్లల్ని దొడ్డిలో నిలబెట్టి మీరు వంతెన దాటి అవతలి ఒడ్డుకి వెళ్లి పిలవండి, కథ దానంతట అదే అర్థమవుతుంది. నీళ్లలోకి మాత్రం దిగకండి.

జూన్, జూలైల్లో వస్తే ఈ చుట్టుపక్కల ఊళ్లలో బావుల అలంకారం చూడొచ్చు. చెక్కపలకల మీద తడి మట్టి మెత్తి, పూరేకులు ఒక్కొక్కటీ గుచ్చి బొమ్మలు చేస్తారు. బతుకమ్మ పేర్చిన చేతులు పక్కనుంటే ఈ పనికి ఎంత ఓపిక కావాలో వాళ్లే చెప్తారు. ఏ ఊళ్లో ఏ వారమో ముందే చూసుకోండి, ఊరూరికీ తేదీ మారుతుంది.

లాత్‌కిల్ డేల్ గురించి కూడా అందరూ చెప్తారు. బాగుంటుంది. కానీ సున్నపురాయి అరిగి అరిగి నున్నగా ఉంటుంది, వాన పడితే జారుతుంది. పిల్లలు పదేళ్లు దాటాక చూసుకోవచ్చు.

6. "ఎవరి పొలమో, తిడతారేమో" అనే భయం

మనవాళ్లు ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే. గేటు ఉంటుంది, అవతల ఎవరిదో పొలం, దూరంగా ట్రాక్టరు. మామయ్యగారైతే గేటు మీద చెయ్యి కూడా వెయ్యనివ్వలేదు. మన ఊళ్లలో పుంతదారి, డొంక ఉన్నట్టే ఇక్కడా పొలాల మధ్య నుంచి ఊరందరికీ హక్కున్న దారులున్నాయి. 1949 నాటి చట్టం ప్రకారం వాటిని రికార్డుల్లోకి ఎక్కించారు. గేటు పక్కన పసుపు బాణం ఉంటే అది నడిచేవాళ్ల దారి. నీలం బాణం ఉంటే గుర్రాలూ సైకిళ్లూ కూడా పోవచ్చు. పొలం యజమాని ఆ దారిని మూసేయడానికి లేదు. మీరు చేయాల్సిందల్లా దారి తప్పకుండా పోవడం. పైరు మధ్యలోంచి దారి ఉంటే ఒకరి వెనక ఒకరు నడవండి.

గేటు ఎలా ఉంటే అలాగే వదలండి. మూసి ఉంటే తీసి, దాటి, మూయండి. తెరిచి ఉంటే తెరిచే ఉంచండి, గొర్రెలు నీళ్లకి పోవడానికి తెరిచి ఉండొచ్చు. కొన్నిచోట్ల గేటు బదులు గోడలో సందు ఉంటుంది. మనిషి పక్కకి తిరిగి దూరేంత, గొర్రె దూరలేనంత. అత్తయ్యగారి చీర కుచ్చిళ్లు అందులో చిక్కుకుని ఒకసారి పావుగంట పట్టింది. ఆ తర్వాత ఆవిడే పంజాబీ డ్రెస్సు, ట్రెయినర్ బూట్లు అడిగారు. సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చిన గోడలు ఇవి, ఎక్కితే కూలతాయి.

ఇక ఆవులు. మన పెద్దవాళ్లకి ఆవు కనపడితే దణ్ణం పెట్టి ఒళ్లు నిమరాలనిపిస్తుంది. దణ్ణం దూరం నుంచే పెట్టించండి. ఈ ఆవులు కొత్తవాళ్ల చేతికి అలవాటు పడినవి కావు. దూడలుంటే ఇంకా ప్రమాదం, తల్లికీ దూడకీ మధ్య నుంచి ఎప్పుడూ పోకండి. మంద దారి మీద ఉంటే చుట్టు తిరిగి వెళ్లండి, అది తప్పేమీ కాదు. వసంతంలో గొర్రెపిల్లలు ముద్దుగా ఉంటాయి, ఎత్తుకోనివ్వకండి.

7. సంచిలో ఏముండాలి

వాన కోటు, ఎండ ఎంత కాస్తున్నా సరే. జీన్స్ వద్దు, తడిస్తే ఆరదు. మడమ పట్టే బూట్లు, అదనంగా ఒక జత సాక్సు, పిల్లలకి రెండు జతలు. దారి పక్కన మన దురదగొండిలా మండే మొక్క ఉంటుంది, నెటిల్ అంటారు. పిల్లలకి నిక్కర్లు వద్దని చెప్పేది అందుకే. ఒకవేళ తగిలితే పక్కనే వెడల్పాకుల డాక్ మొక్క వెతికి, ఆకు నలిపి రాయడం ఇక్కడివాళ్ల అలవాటు. మంట తగ్గినా తగ్గకపోయినా, ఆకు వెతికే గొడవలో ఏడుపు ఆగుతుంది.

తిండి ఇంటి నుంచే తీసుకెళ్లండి. పులిహోర బాగా పనికొస్తుంది, చల్లారినా బాగుంటుంది, చేత్తో తిన్నా ఎవరూ చూడరు. ఫ్లాస్కులో టీ. చెత్తకి ఒక కవరు, దారిలో డబ్బాలుండవు. బేక్‌వెల్ పుడ్డింగ్ రుచి చూడండి. పొరలుపొరలుగా ఉండే పిండి, అడుగున జామ్, పైన బాదం. కప్పు కేకులా ఐసింగుతో షాపుల్లో దొరికే టార్ట్ వేరు, ఇది వేరు. సత్రంలో వంటమనిషి పొరపాటున చేసిందని కథ చెప్తారు. అందులో గుడ్డు ఉంటుంది, గుడ్డు తినని పెద్దవాళ్లకి ముందే చెప్పండి. చిప్స్ కూడా కొన్ని షాపుల్లో పశువుల కొవ్వులో వేయిస్తారు, అడిగి కొనండి.

8. ఆ రోజు

సోమవారం సంతరోజు. పశువుల సంత, బట్టల దుకాణాలు చూడాలనుంటే ఆ రోజే వెళ్లండి, పార్కింగ్ కావాలనుంటే ఆ రోజు వెళ్లకండి. సెలవు రోజుల్లో పది గంటల లోపు చేరాలి. ఊళ్లో ఇప్పుడు రైలు లేదు. డెర్బీ నుంచీ షెఫీల్డ్ నుంచీ బస్సులున్నాయి, ఆఖరి బస్సు ఎన్నింటికో వెళ్లే ముందే ఫొటో తీసుకోండి. నడక మొదలెట్టే ముందు అందరినీ బాత్రూముకి పంపండి, వద్దన్నవాళ్లని కూడా. డిసెంబర్‌లో నాలుగు కాకముందే పొద్దుపోతుంది. జూన్‌లో తొమ్మిదిన్నర దాకా వెలుగుంటుంది, పిల్లలు అలసిపోయారని తెలియనే తెలియదు.

ఎవరికైనా దెబ్బ తగిలి కదలలేకపోతే 999కి చేసి పోలీసుని అడిగి, మౌంటెన్ రెస్క్యూ కావాలని చెప్పండి. వాళ్లు వాలంటీర్లు, డబ్బు తీసుకోరు.

ఇంటికి వచ్చాక పిల్లల మోకాళ్ల వెనక, నడుము దగ్గర, చెవుల వెనక చూడండి. గడ్డిలోంచి టిక్ అనే చిన్న పురుగు పట్టి ఉండొచ్చు. చర్మానికి దగ్గరగా సన్నటి పట్టకారుతో పట్టుకుని నిదానంగా నిటారుగా లాగాలి. తర్వాత కొన్ని వారాల్లో అక్కడ ఎర్రగా పాకితే డాక్టరుకి చూపించాలి.

ఎంతసేపు పట్టిందో కూడా రాసి పెట్టుకోండి, ఆ తర్వాత ఏ దారి ఎంచుకోవాలన్నా ఆ లెక్కే పనికొస్తుంది. మా ఫ్రిజ్ మీద మామయ్యగారి చేతిరాతతో ఒక కాగితం ఇంకా ఉంది, రైల్వే టైంటేబుల్‌లా గీతలు గీసి: హాసప్ బయల్దేరుట 10.40, వంతెన చేరుట 12.30, ఆలస్యం పన్నెండు నిమిషాలు, కారణం సొరంగంలో ఇంజన్.